యాభై మూడు అంగలు

జ్ఞానశేఖర్ అంటే బోయిగూడలో ఎవరికీ తెలియదు. అంగల శేఖర్ అంటే మాత్రం ఇస్త్రీ బండి మనిషి కూడా పని ఆపి ఇల్లు చూపిస్తాడు. ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి లేదు. ఐటీఐలో నేర్చుకున్న డ్రాఫ్ట్స్‌మన్ పని తప్ప పెద్ద చదువూ లేదు. ఉన్నదల్లా ఒక అంగ, కచ్చితంగా ముప్పై అంగుళాల అంగ. ఎంత పెద్ద భవనమైనా ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచి, అంగలు లెక్కపెట్టి, రెండున్నరతో హెచ్చవేసి ఇన్ని అడుగులని చెప్పేసేవాడు. తర్వాత టేపు పెట్టి చూసినవాళ్లు నోరు మూసుకునేవాళ్లు.

అది పుట్టుకతో వచ్చిందేమీ కాదు. ఇరవై రెండో ఏట యేసుదాసు అనే ముసలి ఓవర్సీరు దగ్గర టేపు పట్టే పనికి కుదిరాడు. ఆయన తన పెరట్లో ముప్పై అంగుళాలకొక సున్నపు గీత గీసి, రోజూ పొద్దున్నే వంద సార్లు నడిపించేవాడు. కాలు గీత తప్పితే మళ్లీ మొదటి నుంచీ. మూడు నెలలయ్యాక గీతలు చెరిపేసినా శేఖర్ కాలు వాటి మీదే పడేది. కాలికి కూడా వయసొస్తుందని ఆ పెద్దాయన చెప్పలేదు. చెప్పినా ఇరవై రెండేళ్లవాడు వినిపించుకునేవాడు కాదు.

ఆ అంగను చూసుకుని ఆయనకు కాస్త పొగరు ఉండేది, అబద్ధమెందుకు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు గేటు నుంచి పెరటి గోడ దాకా నడిచి, "మీ స్థలం పత్రంలో ఉన్నదానికంటే రెండడుగులు తక్కువ ఉన్నట్టుందండీ" అన్నాడు కాబోయే మామగారితో. ఆయన మొహం మాడ్చుకుని మర్నాడు కొలిపిస్తే నిజంగానే రెండడుగులు తక్కువ తేలింది. సంబంధం ఖాయమైంది. "పిల్లను చూడమని పిలిస్తే నేలను చూసొచ్చారు" అని కాంతమణి ఇప్పటికీ అంటుంది. చర్చి కన్వెన్షన్ సభలకు షామియానా వేసేటప్పుడు కూడా టేపు తెమ్మని ఎవరూ అడిగేవారు కాదు, శేఖర్‌ను పిలవమనేవారు.

ముప్పై ఏళ్లుగా ఆయన కార్ఖానా అనే పేటలో పాల్ గారి ఇంజనీరింగ్ ఆఫీసులో పని చేస్తున్నాడు. ఈమధ్య ఆ ఆఫీసుకు వస్తున్న పనుల్లో సగం ఖాళీ దుకాణాలవే. జనం బట్టలూ గిన్నెలూ ఫోన్‌లోనే కొనుక్కుంటున్నారు, పెద్ద పెద్ద స్టోర్లు షట్టర్లు దించుకుంటున్నాయి. ఆ భవనాలను మరో పనికి వాడుకోవచ్చా, ఎంత బలం ఉంది, ఏం మార్చాలి, ఏం కుదరదు అని చూసి రిపోర్టు ఇవ్వడం పాల్ గారి పని. కొలతలు తెచ్చి ప్లాను గీయడం శేఖర్ పని.

అలాగే చిలకలగూడ వెళ్లే దారిలో ఉన్న పద్మనాభ ఎంపోరియం వాళ్ల చేతికి వచ్చింది. మూతపడి ఆరేళ్లయింది. కింద గిన్నెలూ సామాన్లూ, మొదటి అంతస్తులో పిల్లల బట్టలూ, రెండో అంతస్తులో చీరలూ సూట్లూ అమ్మేవారు. శేఖర్ తన పెళ్లి సూటు అక్కడే కొన్నాడు. ఆ రెండో అంతస్తు వెనక గోడ మొత్తం అద్దాలే. చీర భుజాన వేసుకుని ఆడవాళ్లు వరసగా నిలబడి చూసుకునేవారు.

దాన్ని లీజుకు తీసుకుందామనుకున్నది శేఖర్ వాళ్ల చర్చిలోని స్త్రీల సమాజం. దాని పెద్ద ఎలీసబెతు గారు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఊళ్ల నుంచి రోగులతో వచ్చి ఆసుపత్రి వరండాల్లో పడుకునే ఆడవాళ్లకు ఒక బస కట్టాలని ఆమె పదేళ్ల కోరిక. ఇరవై నాలుగు గదులు వస్తే సమాజం దాన్ని నడపగలదు, అంతకు తగ్గితే నడపలేదు. ఆ గదులన్నీ రెండో అంతస్తులోనే రావాలి. పైగా వెనక వైపు రెండో మెట్లదారి లేకపోతే ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు అనుమతి ఇవ్వరు. కాబట్టి అంతా ఆ అంతస్తు పొడవు మీద ఆధారపడి ఉంది.

కొలతలకు శేఖర్‌తో పాటు ప్రిసిల్లా వెళ్లింది. ఆర్కిటెక్చర్ చదివి ఆఫీసులో చేరి ఐదు నెలలైన పిల్ల, చిలకలగూడ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. సైటు పనంతా శేఖర్ దగ్గరే నేర్చుకుంది. ఆఫీసులో అందరూ ఆయన్ని సార్ అంటే ఆ అమ్మాయి మాత్రం మొదటి రోజు నుంచీ అంకుల్ అంది.

"కింద, ఫస్ట్ ఫ్లోర్ నేను చేసేసిన అంకుల్. టెర్రస్ మీద నీళ్లు ఎక్కడ కారుతున్నయో చూసొస్తా. సెకండ్ ఫ్లోర్ మీరు చూస్కోండి" అని లేజర్ మీటర్ ఆయన చేతిలో పెట్టి పైకి పోయింది.

కింది అంతస్తులతో సరిచూసుకునే వీలు లేదు. రెండో అంతస్తు ఒక్కటే వెనకున్న గోడౌన్ మీదికి కూడా పరుచుకుని ఉంది. గోడౌన్‌కు తాళం వేసి ఉంది.

వాచ్‌మన్ నబీ కుర్చీలోంచి లేచి వచ్చాడు. "టేపు పట్టాల్నా సార్? ఒక్కరే ఎట్ల గొలుస్తరు?"

"వద్దులే నబీ, నువ్వు కూర్చో" అన్నాడు శేఖర్.

టేపు అంటే వంగాలి. వంగితే కుడి మోకాలు కలుక్కుమంటుంది. ఆ సంగతి వాచ్‌మన్‌కు తెలియడం ఆయనకు ఇష్టం లేదు. లేజర్ అంటే గోడ మీద ఎర్ర చుక్క కొట్టి దూరం చూపే, గోరంత మీటల పరికరం, దానితో ఆయనకు ఎప్పుడూ పొసగలేదు. దాన్ని జేబులో వేసుకుని, ముందు గోడ నుంచి ఖాళీ ర్యాకుల మధ్యగా అద్దాల గోడ దాకా తన పద్ధతిలో తను నడిచాడు. యాభై మూడు అంగలు. నూట ముప్పై రెండు అడుగుల ఆరు అంగుళాలు.

ఆ ఆరంగుళాలు కూడా వదలకుండా ఫీల్డ్ బుక్‌లో రాశాడు. పక్కన పరికరం అనే గడి ఉంటుంది. అక్కడ లేజర్ అని రాశాడు. ఆఫీసుకు లేజర్లు వచ్చినప్పటి నుంచీ అలాగే రాస్తున్నాడు. ఎన్నడూ తప్పు రాలేదు కనుక అది అబద్ధమని ఆయనకు తోచలేదు.

ప్లాను గీశారు. ఇరవై నాలుగు గదులూ వచ్చాయి, వెనక మెట్లదారీ దర్జాగా వచ్చింది. ఈ భవనం బసకు పనికొస్తుందని పాల్ గారు రిపోర్టు ఇచ్చారు. ప్లాను కింద ప్రిసిల్లా సంతకం పెట్టింది, ఆర్కిటెక్టు ఆమే కనుక. ఎలీసబెతు గారు లీజుకు తేదీ కూడా అనుకున్నారు. అప్పుడు ఖర్చు అంచనా వేయడానికి వచ్చిన మేస్త్రీ నేల మీద చాక్‌పీసుతో గదులు గీసుకుంటూ పోయి, మెట్లదారి గీయబోతే గోడ అడ్డొచ్చింది. పదమూడు అడుగులు తక్కువ పడ్డాయి. మెట్లు కావాలంటే ఆరు గదులు పోతాయి.

గురువారం పాల్ గారు శేఖర్‌నూ ప్రిసిల్లానూ తన గదికి పిలిచారు. ఆయన కోప్పడే మనిషి కాదు, అందుకే ఆ గదిలోకి వెళ్లాలంటే భయం.

"సెకండ్ ఫ్లోర్ ఎవరు కొలిచారు?"

"నేనే సార్" అన్నాడు శేఖర్.

"దేంతో?"

ఇక్కడ ఒక్క మాట చెబితే సరిపోయేది. మనసులో ఆయనకు ఇంకా తన అంగ మీద అనుమానమే లేదు, మేస్త్రీ టేపే తప్పనుకుంటున్నాడు. కానీ లక్షల ఖరీదు చేసే పరికరాలున్న ఆఫీసులో నడిచి కొలిచానని చెప్పడానికి సిగ్గేసింది. అదీ తన కూతురి వయసు పిల్ల ముందు.

"లేజర్‌తో సార్."

ప్రిసిల్లా తల వంచుకుని ఉంది. "సార్, అక్కడ వెనక గోడంతా అద్దాలే. లేజర్ అద్దం మీద పడితే రీడింగ్ ఎక్కువ చూపిస్తది. గోడకు పేపర్ అంటించి కొట్టాలె. నేనది అంకుల్‌కు చెప్పకుండా పైకి పోయిన. సంతకం గూడ నాదే. చెక్ చేయాల్సింది నేనే సార్."

పాల్ గారు శేఖర్ వైపు తిరిగారు. "అంతేనంటారా?"

"అయ్యుంటుంది సార్. అద్దాలు కదా" అన్నాడు శేఖర్.

అనేశాక తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది. పాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ప్రిసిల్లా, నీ ప్రొబేషన్ ఈ నెలాఖరుకు అయిపోతుంది. కన్ఫర్మ్ చేయడం కష్టమమ్మా. మంగళవారం సైటుకు ఎలీసబెతు గారు వస్తారు. ఏం జరిగిందో ఆవిడకు నువ్వే చెప్పు." ఆ పిల్ల సరే సార్ అంది. శేఖర్ తన సీటుకు వచ్చి కూర్చుని సాయంత్రం దాకా పెన్సిల్ చెక్కుతూనే ఉన్నాడు.

ఆ రాత్రీ మర్నాడూ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. చిన్న పిల్ల, ఇంకోచోట ఉద్యోగం వస్తుంది. తనకు యాభై ఏడేళ్లు, తననెవరు పిలుస్తారు? అసలు తప్పు తనదని ఎక్కడ రుజువైంది? మేస్త్రీ టేపు చివర విరిగి ఉంటుంది.

ఆదివారం కాంతమణితో కలిసి చర్చికి బయల్దేరాడు. ఇంటి గడప నుంచి చర్చి గేటుకు సరిగ్గా నాలుగు వందల అంగలు. పెళ్లైన కొత్తలో భార్య ముందు గొప్పకు ఎన్నోసార్లు లెక్కపెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లుగా ఆ అవసరం రాలేదు. ఆ రోజు ఎందుకో, తన అంగ తనకు సాక్ష్యం చెబుతుందని లోలోపల లెక్క మొదలుపెట్టాడు.

నాలుగు వందల దగ్గర తల ఎత్తి చూశాడు. ఎదురుగా ముదస్సిర్ సైకిల్ షాపు ఉంది. చర్చి గేటు ఇంకా అవతల ఉంది.

దారిలో నిలబడిపోయాడు. మళ్లీ కదిలి, చర్చి గేటు ముట్టుకునేసరికి నాలుగు వందల నలభై నాలుగు అయింది. చర్చి ఎటూ జరగలేదు. సైకిల్ షాపూ జరగలేదు.

"కాంతా, నా నడక తగ్గిందా?" అని అడిగాడు.

కాంతమణి గేటు దగ్గరే ఆగింది. "ఏడాదిన్నర అయింది. మోకాలు పట్టేసినప్పటి నుంచీ. మీరు వెనకబడిపోతుంటే నేనే నా నడక తగ్గించుకున్నాను."

"చెప్పలేదేం?"

"చెబితే చిన్నబుచ్చుకుంటారని."

ఏడాదిన్నరగా ఈవిడ తన పక్కన మెల్లగా నడుస్తోందని, తాను మాత్రం గట్టిగా నడుస్తున్నాననుకుంటున్నానని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆరాధనలో ఒక్క మాటా చెవికెక్కలేదు. అది ప్రభువు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం. తోటివాడికి అన్యాయం చేసి, దాన్ని దిద్దుకోకుండా ప్రభువు బల్ల దగ్గరకు రాకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదే. తమ వరస లేచినప్పుడు కాంతమణి లేచింది, ఆయన లేవలేదు. రొట్టె తీసుకుని తిరిగొస్తున్న ఎలీసబెతు గారు ఆయన్ని చూసి, ఏమీ ఎరగనట్టు చూపు తిప్పుకున్నారు. ఆయన బెంచీ అంచు పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం రెండుసార్లు పాల్ గారి గది తలుపు దాకా వెళ్లాడు. రెండుసార్లూ లోపల ఎవరో ఉన్నారని తిరిగొచ్చాడు. రెండోసారి లోపల ఎవరూ లేరు, ఆ సంగతి ఆయనకు తెలుసు. సాయంత్రం ప్రిసిల్లా ఆయన టేబుల్ దగ్గరకు వచ్చింది. కళ్ల కింద నల్లబడి ఉంది. చేతిలో జిగురున్న పసుపు చీటీల కట్ట ఉంది.

"అంకుల్, ఇది మీ బ్యాగుల పెట్టుకోండి. అద్దం గానీ గ్లాస్ గానీ వస్తే ముందు ఒక చీటీ అంటించి, దాని మీద కొట్టండి. ఇట్ల." గోడకు ఒకటి అంటించి, లేజర్ ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా చూపించింది. "నేను పోయినంక మీకు మళ్ల తక్లీఫ్ కావద్దు కదా."

శేఖర్ ఆ కట్ట తీసుకున్నాడు. థాంక్స్ అమ్మా అని కూడా అన్నాడు. ఆ తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. తనంతటి నీచుడు ఈ కార్ఖానా మొత్తంలో ఉండడనిపించింది. కాస్త ఆలస్యంగానైనా సరైన మాటే అనిపించిందని చెప్పాలి.

మంగళవారం పదకొండింటికి ఎంపోరియం రెండో అంతస్తులో ఐదుగురు నిలబడ్డారు. మేస్త్రీ గీసిన చాక్‌పీసు గీతలు నేల మీద ఇంకా ఉన్నాయి. ఎలీసబెతు గారు చీర కొంగు బిగించుకుని, బడిలో పిల్లలను పిలిచినట్టే పిలిచారు. "చెప్పమ్మా ప్రిసిల్లా. ఎలా జరిగింది?"

"మేడమ్, ఈ వెనక గోడ అద్దాలు కదా, లేజర్..."

"ఆగమ్మా" అన్నాడు శేఖర్. "ఆ రోజు నేను లేజర్ జేబులోంచి తియ్యనే లేదు. అంగలతో కొలిచాను. పుస్తకంలో లేజర్ అని రాశాను. గురువారం సార్ అడిగితే కూడా అబద్ధమే చెప్పాను. ఈ పిల్ల తప్పేమీ లేదు."

పాల్ గారు అర్థం కానట్టు చూశారు. "మీ అంగ తప్పదు కదా శేఖర్ గారూ?"

ఆ మాట తిట్టుకంటే ఎక్కువ తగిలింది. శేఖర్ నబీ వైపు తిరిగాడు. "నబీ, కాస్త టేపు పట్టుకుంటావా?"

"ఆ దినం అడిగితే వద్దంటిరి కద సార్" అన్నాడు నబీ, కానీ వచ్చి పట్టుకున్నాడు.

టేపు పరిచారు. శేఖర్ ముందు గోడకు మడమ ఆనించి, పైకి లెక్కపెడుతూ నడక మొదలుపెట్టాడు. ఎదురుగా అద్దాలు. ఆ రోజు పుస్తకం చూసుకుంటూ నడిచాడు కనుక గమనించలేదు. ఈసారి తల దించుకోవడానికి ఏమీ లేదు. కుడికాలు ఈడుస్తూ, ఒక పక్కకు ఒరుగుతూ ఎవరో ముసలాయన తన వైపే వస్తున్నాడు. ఇరవై దగ్గర ఆయన్ని గుర్తుపట్టాడు. ముప్పై దగ్గర ఆగిపోదామా అనిపించింది. వెనక నలుగురూ చూస్తున్నారని తెలుసు, అద్దంలో వాళ్ల మొహాలూ కనిపిస్తున్నాయి. నలభై. యాభై. చేయి గోడకు తగిలింది.

"యాభై మూడు" అన్నాడు.

ప్రిసిల్లా వంగి టేపు చదివింది. "నూట పంతొమ్మిది అడుగుల మూడు అంగుళాలు."

పాల్ గారే ముందుగా తేరుకున్నారు. "మోకాలు ఎప్పటి నుంచి?"

"ఏడాదిన్నర సార్."

"అయితే ఏడాదిన్నర నుంచి మీరు కొలిచినవన్నీ మళ్లీ కొలవాలి." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. తర్వాత ప్రిసిల్లాతో, "గురువారం నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. నువ్వు ఉండాలి" అన్నారు.

ఎలీసబెతు గారు ఆ పెద్ద ఖాళీ గదిని ఒకసారి కలియజూశారు. పదేళ్ల కోరిక మరి. "లీజు వద్దులెండి. పద్దెనిమిది గదులతో మేం నడపలేం. ఇంకో భవనం చూద్దాం." మెట్ల వైపు నడుస్తూ శేఖర్ దగ్గర ఆగారు. "ఆదివారం నువ్వు బల్లకు ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. ఆదివారమే నాతో చెప్పాల్సింది జ్ఞానశేఖర్. అప్పటికే ఈ పిల్ల మూడు రోజులు ఏడ్చి ఉంటుంది."

అందరూ దిగిపోయారు. ప్రిసిల్లా టేపు చుడుతూ ఉండిపోయింది. ఫీల్డ్ బుక్ తెరిచి పాత కొలతను కొట్టేసి కొత్తది రాసింది. రాస్తూ రాస్తూ ఆగింది.

"ఒకటి అడుగుతా. అంగలతోని కొలిస్తే సుమారుగా నూట ముప్పై అని రాస్తరు ఎవరన్నా. ఈ ఆరంగుళాలు ఎందుకు రాసిండ్రు? అది చూసే నేను మళ్ల చెక్ చేయలే. అంత కరెక్టుగా ఉంటే నిజమే అనుకున్న."

"అలా అనుకోవాలనే రాశానమ్మా" అన్నాడు శేఖర్.

ఆ పిల్ల పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది. ఆయన తన బ్యాగులోంచి పసుపు చీటీల కట్ట తీసి ఇచ్చాడు. తీసుకుంది.

మర్నాటి నుంచి పాత సైట్లన్నీ తిరగడం మొదలైంది. మొదటిది కార్ఖానాలో ఒక పాత ఫంక్షన్ హాలు. కొలతలు ప్రిసిల్లా చదవాలి, టేపు సున్నా చివర శేఖర్ పట్టాలి. ఇరవై రెండో ఏట యేసుదాసు దగ్గర చేసిన పనే. గోడ మొదట్లో మోకాలు వంచి కూర్చుని, టేపు చివరను బొటనవేలితో నేలకు అదిమి పెట్టాడు. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ చేయి కదల్చలేదు. హాలు అవతలి చివర నుంచి ప్రిసిల్లా టేపు బిగించి లాగింది.

"గట్టిగ పట్టుకోండి" అంది. ఒక క్షణం ఆగి, "సార్" అంది.